పుండు అని చెప్పుకున్నారు

గుల్షన్ ఆ పొడి పొట్లాలన్నీ విప్పి పెరటి మోరీలో కలిపేసింది. చెయ్యి కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, వంటింట్లోకి వచ్చి కూర్చున్న గంటకు బయట ఆటో ఆగింది. దిగింది ఆడబిడ్డ బషీరున్నీసా. గురజాల నుంచి బస్సులో వచ్చిన మనిషి గుమ్మంలో చెప్పులు విప్పుతూ అడిగిన మొదటి మాట తమ్ముడు ఎలా ఉన్నాడని కాదు. పొద్దున పొడి తాగాడా అని.

"పారబోశాను ఆపా," అంది గుల్షన్.

ధైర్యంతో అన్న మాట కాదది. దాచిపెట్టే ఓపిక లేక అనేసింది. పదకొండు రోజుల కిందట గుంటూరు ఆస్పత్రిలో డాక్టరు ముక్క పరీక్ష రిపోర్టు చదివి, మహబూబ్ కడుపులో ఉన్నది క్యాన్సరేనని చెప్పాడు. అప్పటినుంచీ గుల్షన్‌లో ధైర్యమూ లేదు, భయమూ లేదు. పన్ను పీకే ముందు మత్తిచ్చిన దవడ ఎలా ఉంటుందో లోపలంతా అలా ఉంది. ఒక్కసారి కూడా ఏడవలేదు. మొగుడికి ఇంత జబ్బు వస్తే ఏడవని ఆడదాన్ని ఏమనాలో కూడా ఆమెకు తెలియలేదు.

బషీరున్నీసా ఒక కాలికి చెప్పుతోనే నిలబడిపోయింది.

"నలభై రోజుల మందది. ఒక్క పూట తప్పినా మళ్ళా మొదటికొచ్చిద్దని చెప్పాడాయన. నువ్వేంది, మోరీలో పోసొచ్చి ఇట్టా కూచున్నావ్?"

వెల్దుర్తి అవతల ఎక్కడో ఉన్న నాటువైద్యుడి దగ్గరికి ఎండలో రెండు బస్సులు మారి వెళ్ళి ఆమె తెచ్చిన పొడి అది. తాగినన్నాళ్ళూ ఇంగ్లీషు మందు ముట్టకూడదన్నది ఆయన పెట్టిన షరతు. ఆపరేషనుకు ముందుగా సోమవారం పొద్దున గుంటూరులో మొదటి విడత సెలైను మందు ఎక్కించాలన్నది డాక్టరు పెట్టిన తేదీ. ఇవాళ శుక్రవారం. రెండూ ఒక కడుపులో ఇమడవు గనక గుల్షన్ ఒకదాన్ని పారబోసింది. మహబూబ్‌ను మాత్రం అడగలేదు. అడిగితే పైకప్పు వంక చూస్తాడు, అంతకు మించి జవాబుండదు.

ఆ ఇంట్లో ముద్దుమాటలూ దువాలూ ఉర్దూలో నడుస్తాయి. కొట్లాటకు మాత్రం తెలుగే. సందులో అందరికీ అర్థం కావాలి గదా మరి. బషీరున్నీసా వంటింటి గడపలో చతికిలబడి సందుకంతటికీ అర్థమయ్యేలా మొదలుపెట్టింది. పెళ్ళయి వచ్చిన ఇరవై మూడేళ్ళలో గుల్షన్ తన తమ్ముడికి ఏమేం వండిపెట్టిందో వరసగా చెప్పింది. పండుమిరప పచ్చడి, గొడ్డుకారం, వెల్లుల్లి దంచిన ఉప్పుచేప. పుట్టింట్లో తాము ఇంత కారం ఎరగమంది. మూలమంతా మిరపకాయేనని ఫోనులో ఒకాయన విడమరిచి చెప్పాడంది.

ఆ వీడియో గుల్షన్ కూడా చూసింది. నాలుగుసార్లు చూసింది. చూసిన మర్నాడే పచ్చడి జాడీ పక్కింటివాళ్ళకు ఇచ్చేసి, అప్పటినుంచీ కారం లేని పప్పు వండుతోంది. పల్నాటిలో పుట్టి పెరిగినవాడికి ఆ పప్పు పెడితే మహబూబ్ రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని కంచం జరిపాడు. జబ్బు వల్ల జరిపాడో పప్పు వల్ల జరిపాడో ఆమె అడగలేదు.

అందుకే ఇప్పుడు ఎదురు చెప్పలేదు. కడిగిన గ్లాసులు మళ్ళీ తీసి కడగడం మొదలుపెట్టింది. అవతలివాళ్ళు అరుస్తుంటే మాట్లాడని మనిషిని చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. బషీరున్నీసాకు ఇంకాస్త మండింది.

"నోట్లో బెల్లం పెట్టుకున్నావా ఏంది? చెప్పు. నా తమ్ముణ్ణి ఏం చేద్దామనుకుంటన్నావ్?"

"సోమవారం గుంటూరు తీసుకుపోదామనుకుంటన్నా."

"వాడు వస్తానన్నాడా?"

గుల్షన్ గ్లాసు బోర్లించింది. అసలు గొడవంతా అక్కడే ఉంది. మహబూబ్ వస్తాననలేదు, రాననలేదు.

కారం సంగతి అలా ఉంచితే, గుల్షన్‌ను లోపల్లోపల నమిలేస్తున్నది రంజాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు. మహబూబ్‌కు ఏడాదిగా గ్యాస్, ఛాతీలో మంట. రోజూ పొద్దున టీకి ముందు ఒక బిళ్ళ చేతిలో పెట్టేది తనే. చీటీ అడక్కుండానే మందుల షాపతను ఇచ్చేవాడు. రంజాను వచ్చింది. ఇఫ్తారుకు నాలుగు ఖర్జూరాలు తిని, సగం గిన్నె గంజి తాగి, చాలు నిండిపోయిందనేవాడు. రోజా ఉపవాసం ఉండేవాళ్ళకు కడుపు చిన్నదవుతుందిలే అని ఇల్లంతా అనుకున్నారు. నెల తిరిగేసరికి తొమ్మిది కిలోలు తగ్గాడు.

ఈద్‌గాలో కౌగిలించుకున్న ప్రతివాడూ ముఖంలో నూర్ వచ్చింది భాయ్, వెలిగిపోతున్నావ్ అన్నాడు. గుల్షన్ మురిసిపోయింది. వదులైన ప్యాంట్లన్నీ కుట్టుమిషను ముందేసుకుని తనే నడుము దగ్గర పట్టింది. పండగ వెళ్ళాక షవ్వాల్ నెలలో ఇంకో ఆరు రోజాలు ఉంటానంటే ఉండమంది. ఉపవాసాలు అయిపోయాక తగ్గిన బరువు తిరిగి రావాలి గదా అన్న ముక్క ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

ఎప్పటినుంచి బరువు తగ్గుతున్నాడని గుంటూరు డాక్టరు అడిగినప్పుడు, రంజాను నుంచి సార్ అని మామూలుగా చెప్పింది. రాస్తున్నవాడు ఆగి ఆమె వంక చూశాడు. ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనుంటే ఆ చూపు ఈపాటికి మరిచిపోయేదేమో.

బషీరున్నీసా లేచి ముందుగదిలోకి వెళ్ళింది. గుల్షన్ చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగింది. మహబూబ్ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నరసరావుపేట వినుకొండ రోడ్డులో బోరు మోటార్లకు వైండింగు కట్టే మనిషి. పొలాల్లో మోటార్లు వరసబెట్టి కాలిపోయే కాలంలో షట్టరు దించుకుని పడుకున్నాడంటే, చూడ్డానికి వచ్చినవాళ్ళకు అదే పెద్ద జబ్బులా కనబడుతోంది. గోడ పక్క స్టూలు మీద కూతురు సబా ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఇన్నాళ్ళుగా ఆ పిల్ల ఫోనులోంచి తల ఎత్తింది లేదు.

బషీరున్నీసా తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది. కత్తి పెట్టించుకుంటావా, పొడి తాగుతావా, నీ నోటితో నువ్వే చెప్పు అంది.

మహబూబ్ పైకప్పు వంకే చూస్తూ జవాబిచ్చాడు. అతని గొంతు షాపులో గిరాకీతో మాట్లాడే గొంతులాగే ఉంది.

"నా షాపులో బోర్డుంది ఆపా. సీలు తీసిన మోటారుకు గ్యారంటీ లేదని. రాయించింది నేనే. కంపెనీ బిగించిందాన్ని ఒకసారి ఇప్పితే అది మళ్ళా అట్టా నడవదు. ఇరవై ఆరేళ్ళుగా నాకు తెలిసిన పని అదొక్కటే. ఇప్పుడు నన్ను ఇప్పుతానంటే ఎట్టా ఒప్పుకునేది?"

"అదీ మాట," అంది బషీరున్నీసా.

గుల్షన్ గుమ్మంలోంచే అంది. "కాలిన వైరు తియ్యకుండా ఏ మోటారన్నా బాగుచేశారా మీరు?"

మహబూబ్ ఆలోచించాడు. పని విషయంలో అతను అబద్ధమాడడు. లేదని ఒప్పుకున్నాడు.

"కానీ మోటారుకు నొప్పి తెలవదు గుల్షన్," అన్నాడు.

ఫ్యాను తిరుగుతోంది. జుమ్మా నమాజుకు వెళ్ళి వస్తున్నవాళ్ళు సందులో పలకరించుకుంటున్న మాటలు వినబడుతున్నాయి. మహబూబ్ ఇవాళ మసీదుకు వెళ్ళలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది గుల్షన్‌కు. గుర్తొచ్చిందే గానీ ఏమీ అనిపించలేదు.

సబా స్టూలు మీద నుంచి లేచి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి వెళ్ళింది. పది నిమిషాల్లో ప్రేమకుమారిని వెంటబెట్టుకుని వచ్చింది.

ప్రేమకుమారి ఇల్లు అదే సందులో, మూడిళ్ళ అవతల. గుంటూరులో ఒక పెద్దాస్పత్రి క్యాన్సర్ వార్డులో పద్నాలుగేళ్ళుగా నర్సు. పొద్దున రైలుకు వెళ్ళి చీకటిపడ్డాక వస్తుంది. ఇవాళ సెలవు. తల స్నానం చేసి ఆరబెట్టుకుంటున్న జుట్టును అలాగే ముడేసుకుని వచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్ళలాగా నిట్టూర్చలేదు, మహబూబ్ చెయ్యి పట్టుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఏందన్నా అన్నం తింటన్నావా అని అడిగింది.

జవాబు మహబూబ్ చెప్పేలోపు బషీరున్నీసా తన ఫోను తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. వీడియోలో తెల్లకోటు వేసుకున్నాయన టేబులు మీద చేతులు పెట్టుకుని మాట్లాడుతున్నాడు. కత్తి తగిలి లోపలికి గాలి సోకిందంటే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందట. ప్రేమకుమారి మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నది. బషీరున్నీసాకు ఆ మర్యాద నచ్చింది. విన్నాక ప్రేమకుమారి వేలితో తెరను పైకి జరిపింది.

"ఇక్కడ చూడక్కా. ఫోన్ నంబరుంది. మందు ఇంటికే పంపుతామని ఉంది. ఈయనది ఏ ఆస్పత్రో లేదు, ఏం చదివాడో లేదు, ఎప్పుడు చెప్పాడో లేదు. మందు అమ్మేవాడే జబ్బు గురించి చెబుతుంటే నేను ఫోను మూసేస్తా."

"మరి ఆపరేషనయినాక పాకి పోయినోళ్ళు లేరా? మా గురజాలలోనే ఇద్దరు."

"ఉన్నారక్కా. చానామంది మా కాడికి ఆలస్యంగా వస్తారు. అప్పటికే పాకి ఉండిద్ది. కోసి చూసి, చేసేదేం లేక మూసేస్తారు. కోసినందుకే పాకిందని ఊళ్ళో చెప్పుకుంటారు. గాలికి పాకే జబ్బు కాదిది."

బషీరున్నీసా ఫోను తీసుకుని కొంగు కింద పెట్టుకుంది. ఓడిపోయినట్టు కాదు, ప్రస్తుతానికి దాచిపెట్టినట్టు.

సబా అప్పుడు నోరు విప్పింది. తాను ఇంగ్లీషులో చదివానంది. ఐదేళ్ళకు వందమందిలో ఎంతమంది మిగులుతారో ఒక అంకె ఉందంది. ఆ అంకె చెప్పబోయి తండ్రి వంక చూసి ఆగిపోయింది. ఎనిమిది రోజులుగా ఆ పిల్ల ఆ అంకెను ఒంటరిగా మోస్తోందని గుల్షన్‌కు ఇప్పుడే తెలిసింది. కూతురి కళ్ళ కింద నల్లగా ఉంది. చూసింది గానీ, దగ్గరికి తీసుకోవాలని చెయ్యి లేవలేదు.

"అన్ని స్టేజీలోళ్ళనీ, ముసలోళ్ళనీ వయసోళ్ళనీ కలిపి ఏదో దేశంలో తీసిన అంకె అది," అంది ప్రేమకుమారి. "మీ నాన్న దాంట్లో లేడు. ముందు మీ నాన్న ఫైలు తియ్యి. ఆ తర్వాత చదవాలనుకుంటే పెద్ద క్యాన్సర్ ఆస్పత్రులు రోగుల కోసం రాసిపెట్టినవి చదువు. ఎవరు రాశారో, ఏ ఏడు రాశారో అడుగున ఉండిద్ది. చదివింది తీసుకెళ్ళి డాక్టరునడుగు. దానికే చదవడం."

ఫైలు తెచ్చారు. ఆమె స్కాన్ రిపోర్టు రెండుసార్లు చదివి, తాను నర్సునే గానీ డాక్టరును కానని ముందే చెప్పింది. కాలేయానికీ ఊపిరితిత్తులకూ పాకినట్టు కనబడలేదని రాసి ఉందంది. అందుకే ముందు రెండు వారాలకోసారి చొప్పున నాలుగు విడతలు మందు ఎక్కించి, గడ్డను తగ్గించి, అప్పుడు ఆపరేషను చేస్తామంటున్నారట. పాకి ఉంటే అసలు ఆ మాటే ఎత్తేవాళ్ళు కాదేమోనంది. కడుపులో కొంత భాగం తీసేసినా, మొత్తం తీసేసినా, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటూ సూదులు వేయించుకుంటూ బతుకుతున్నవాళ్ళు తన వార్డుకు పరీక్షలకు వస్తూనే ఉంటారంది.

"అయితే నా తమ్ముడు బతుకుతాడని రాసియ్యి," అంది బషీరున్నీసా.

"నాకు తెలవదక్కా. తెలుసని చెప్పేవాళ్ళ కాడికే పోవద్దంటన్నా."

మహబూబ్ తల తిప్పి ఆమె వంక చూశాడు. పదకొండు రోజుల్లో అతను పైకప్పును వదిలి ఒక మనిషిని చూడటం అదే మొదలు. షాపులో కూడా అతను అంతే. ఖచ్చితంగా నడుస్తుందని ముందే చెప్పే మెకానిక్కును అతను నమ్మడు.

గుల్షన్ అడుగుదామా వద్దా అనుకుంటూనే అడిగింది. "కారం వల్లేనా అక్కా?"

"నరసరావుపేటలో కారం తినని ఇల్లొకటి చూపియ్యి నాకు. అందరికీ వచ్చిందా? కడుపులో ఏళ్ళ తరబడి ఉండే క్రిమి ఒకటుంది. పొగాకుంది. ఉప్పులో ఊరేసినవి ఉన్నయ్. వంశం ఉంది. ఇదొక్కటే చేసిందని వేలెత్తి చూపడం ఎవరివల్లా కాదు. ఆయనకేం తినబుద్ధయితే అది కాస్త చప్పగా వండిపెట్టు, అంతే."

పెద్ద బరువు దిగిపోతుందేమోనని గుల్షన్ ఎదురుచూసింది. ఏమీ దిగలేదు. రంజాను సంగతి కూడా అడగాలనుకుంది. నోరు రాలేదు.

సోమవారం డాక్టరు ఇచ్చేది పది నిమిషాలేననీ, అడగాల్సినవీ చెప్పాల్సినవీ ముందే రాసుకోవాలనీ ప్రేమకుమారి చెప్పింది. సబా నోటుబుక్కు తెచ్చి నేల మీద కూర్చుంది. ఏడాదిగా మింగిన గ్యాస్ బిళ్ళల పేరు రాసింది. ఆరు రోజులు తాగిన పొడి సంగతి రాసింది. అది దాచకూడదనీ, ఎక్కించే మందుతో కలిస్తే కాలేయం దెబ్బతినొచ్చనీ ప్రేమకుమారి అంటే బషీరున్నీసా మొహం పక్కకు తిప్పుకుంది. దొడ్డికి నల్లగా అవుతోందా అన్న ప్రశ్నకు మహబూబ్ చాలాసేపు నసిగి, నెలన్నరగా అవుతోందన్నాడు. ఆ రోజు డాక్టరు అడిగితే లేదన్నాడు గదా అని గుల్షన్ అంటే, పక్కన కూతురు నిలబడి ఉంటే అదెట్టా చెప్పేదన్నాడు. సబా తల వంచుకుని అదీ రాసింది.

"వంశంలో ఎవరికన్నా కడుపు జబ్బుందా?" అని అడిగింది ప్రేమకుమారి.

"మాకెవరికీ లేదు," అన్నాడు మహబూబ్. "మా అమ్మ పోయింది గానీ అది పుండు. అది వేరే."

"ఏ వయసులో పోయింది?"

"నలభై మూడో, నలభై నాలుగో. నాకప్పుడు పన్నెండేళ్ళు. నన్ను ఎడ్లపాడులో మా మామూ ఇంటికి పంపారు. అంతా అయిపోయినాకే పిలిపించారు."

"పుండని ఎవరు చెప్పారన్నా?"

మహబూబ్ అక్క వంక చూశాడు. ఆ రోజుల్లో తల్లి దగ్గర ఉన్నది ఆమే. పుండని చెప్పింది కూడా ఆమే.

బషీరున్నీసా కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. సందుకంతటికీ అర్థమయ్యేలా మాట్లాడే మనిషి ఇప్పుడు పలకలేదు. ప్రేమకుమారి తొందరపెట్టలేదు. రోగుల మంచాల పక్కన నిలబడి నిలబడి ఆమెకు అలవాటైన నిశ్శబ్దమది. మిగతావాళ్ళకు అలవాటు లేదు.

"పుండు కాదు," అంది బషీరున్నీసా చివరికి.

గుంటూరు పెద్దాస్పత్రిలో ఇదే జబ్బని చెప్పారట. అప్పటికి ఆమెకు ఇరవై, చెల్లెలికి పదహారు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. తల్లికి ఆ జబ్బని తెలిస్తే ఆ ఇంటి పిల్లలను ఎవరూ అడగరని తండ్రి కాగితాలు పొయ్యిలో వేసి, పుండని చెప్పమన్నాడు. పుండనే చెప్పుకున్నారు. చెల్లెలు పురిటిలో పోయింది, తండ్రి పోయాడు. చెప్పాల్సినవాళ్ళంతా పోయి ఆమె ఒక్కతే మిగిలింది.

ఈ మాటలు ఆమె ఉర్దూలో చెప్పింది. ప్రేమకుమారికి అర్థం కావాలని సబా మెల్లగా తెలుగులోకి మార్చింది. మార్చడం అవసరం లేదన్నట్టు ప్రేమకుమారి తలూపింది.

మహబూబ్ లేచి కూర్చున్నాడు. గోడకు చేరగిలబడ్డాడు. ముప్పై ఏడేళ్ళుగా పుండనే నమ్మాడు.

"ఒక్క మాట చెప్పుంటే ఆపా," అంది గుల్షన్. గొంతులో కోపం కూడా లేదు. "నిరుడు మంటన్నప్పుడే నోట్లోంచి గొట్టం వేయించి చూపించేదాన్ని. ఏడాది పొడుగూ బిళ్ళలు మింగించాను."

ప్రేమకుమారి కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది. తల్లికి ఉంటే కడుపున పుట్టినవాళ్ళందరూ ఒకసారి చూపించుకోవడం మంచిదని, మామూలుగా, పక్కింటి కబురు చెప్పినట్టు చెప్పింది.

"నీకెట్టా ఉందక్కా?" అంది.

"నాకేం, నేను బాగున్నా."

మహబూబ్ అక్క చేతుల వంక చూస్తున్నాడు. నడిచే మోటారు మీద చెయ్యి పెట్టి లోపల ఏం తగులుతోందో చెప్పగలిగినవాడు, ఇన్నాళ్ళుగా పైకప్పు చూస్తూ ఎదుటి మనిషిని చూడలేదు. బషీరున్నీసా గాజులు మణికట్టు నుంచి మోచేతి దాకా జారిపోతున్నాయి.

"ఎన్ని కిలోలు తగ్గావ్ ఆపా?"

"రంజానులో తగ్గాను. అందరూ తగ్గరా?"

ఆ మాట గుల్షన్ చెవిన పడింది. సబా కలం ఆగింది.

"నాలుగు నెలలయింది," అంది బషీరున్నీసా. "రెండు ముద్దలు తింటే నిండిపోతంది. ఆ వెల్దుర్తి ఆయన కాడికి నేను ముందు నా కోసమే పోయా. ఆ పొడి తాగితే నాకు మంట తగ్గింది. అందుకే నీకూ తెచ్చా మహబూబ్. చెడు చెయ్యాలని తేలేదు."

"అదే అని కాదక్కా," అంది ప్రేమకుమారి. "మామూలు పుండే కావచ్చు. చూస్తేనే తెలిసిద్ది. గొట్టంతో చూడటం పది నిమిషాల పని."

"రాయి సబా," అన్నాడు మహబూబ్. "మీ దాదీకి ఉందని రాయి. మీ ఫుప్పు సంగతీ రాయి. సోమవారం ఇద్దరం చూపిచ్చుకుంటాం."

"రాయొద్దు."

బషీరున్నీసా అరవలేదు. అంత మెల్లగా ఆమె మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. నెలన్నరలో తన చిన్నకూతురు ముస్కాన్ నిఖా ఉంది. సంబంధం మాచర్లది. ఈ మాట ఒక చెవిన పడితే ఆ పిల్ల గతేం కావాలంది. నిఖా అయిపోనిస్తే తర్వాత ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తానంది. ఆస్పత్రి కాగితం బయటికి రాదని ప్రేమకుమారి చెప్పింది గానీ ఆమె వినిపించుకోలేదు. పొయ్యిలో పడిన కాగితాలను కళ్ళారా చూసిన మనిషి ఆమె.

"నెలన్నర ఆగితే ఏమయిద్దో నన్ను చూస్తే తెలవట్లా?" అన్నాడు మహబూబ్. "నువ్వు బండెక్కితేనే నేనూ ఎక్కుతా ఆపా. నువ్వు రాకపోతే నేనూ పోను. అంతే."

అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పని విషయంలో లాగే, అంతే అన్నాక మహబూబ్ మళ్ళీ మాట్లాడడు.

బషీరున్నీసా ఇప్పుడు తమ్ముణ్ణి వదిలి గుల్షన్ వైపు తిరిగింది.

"వాడు మగాడు, వాడికి అర్థం కాదు. నువ్వు చెప్పు. మా అమ్మ, వాడు, నేను. ఆ కాగితంలో మా కిందికి వచ్చే పేరు ముస్కాన్ ఒక్కదానిదే అనుకుంటన్నావా?"

గుల్షన్ నేల మీద కూర్చున్న కూతుర్ని చూసింది. ఇరవై ఏళ్ళ పిల్ల. మోకాలి మీద నోటుబుక్కు, వేళ్ళ మధ్య కలం. దాదీ అని రాసి, తర్వాతి మాట కోసం తల ఎత్తి చూస్తోంది. రేపు ఎవరో ఆ పిల్లను చూడ్డానికి వస్తారు. వాళ్ళు తండ్రి వైపు ఎవరు ఎలా పోయారని అడుగుతారు. ఎప్పుడూ చూడని మామగారు, కాగితాలు కాల్చిన ఆ మనిషి, గుల్షన్‌కు ఒక్కసారిగా అర్థమయ్యాడు. ఇన్ని రోజులూ మొద్దుబారి ఉన్న చోట ఏదో కోసినట్టు నొప్పి పుట్టింది.

"ఆగు సబా. రాయొద్దు."

ఆ గొంతు తనదేనని గుల్షన్‌కు కాసేపటికి గానీ తెలియలేదు. అప్పటికి మహబూబ్ గోడవైపు నుంచి తిరిగి, ఆమె మొహంలోకి చూస్తున్నాడు.